కొత్త ఆల్టర్నేటర్ వేసినా బ్యాటరీ ఎందుకు దిగుతోంది?

యాసంగి వడ్లు కాంటా పడే రోజుల్లో టేకుమట్ల చుట్టుపక్కల లారీలు నడిచే సమయం కన్నా నిలబడే సమయమే ఎక్కువ. కొనుగోలు కేంద్రం దగ్గర లోడింగుకు వరుస, మిల్లు దగ్గర దించడానికి ఇంకో వరుస. రాత్రంతా క్యాబిన్‌లో ఫ్యాను తిరుగుతుంది, ఫోన్లు చార్జింగ్‌లో ఉంటాయి, పాటలు నడుస్తాయి. తెల్లారి తాళం తిప్పితే సెల్ఫ్ టక్కుమని ఊరుకుంటుంది. లోడు బండిని తోయడం మనుషుల వల్ల కాదు. పక్క లారీ డ్రైవరును బతిమాలి, దాని బ్యాటరీ నుంచి వైర్లు వేసుకోవాలి.

ఇలా రెండుమూడు సార్లు అయ్యాక ఓనరు పాత 35 యాంపుల ఆల్టర్నేటర్ తీసేసి 80 యాంపులది బిగిస్తాడు. నెల తిరక్కుండా బ్యాటరీ మళ్లీ దిగిపోతుంది. ఎందుకు?

చాలా బండ్లలో జవాబు ఆల్టర్నేటర్‌లో లేదు, దాని నుంచి బ్యాటరీ దాకా వెళ్లే దారిలో ఉంది. ఈ సంగతి మన రైతుకు కొత్తది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న మోటారు బాగానే పోస్తుంది, అదే లైన్‌లో చివరి మోటారు మాత్రం గుయ్యిమంటూ వేడెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు లేక కాదు, మధ్యలోని సన్న తీగ వోల్టేజీని తినేస్తుంది. లారీలో జరిగేదీ అదే.

లెక్క వేసి చూద్దాం. పాత బండ్లలో చార్జింగ్ వైరు చాలావాటికి నేరుగా బ్యాటరీకి పోదు. ముందు డాష్‌బోర్డులోని యాంప్ మీటరుకు పోయి, అక్కడి నుంచి వెనక్కి వస్తుంది. ఆ చుట్టు మొత్తం 7 మీటర్లు, వైరు 6 చదరపు మిల్లీమీటర్ల రాగిది అనుకుందాం. అందులో 35 యాంపులు పారితే దారిలో పోయేది సుమారు 0.7 వోల్టు. అదే వైరులో 80 యాంపులు పారిస్తే పోయేది 1.6 వోల్టులు. పైగా దాదాపు 130 వాట్లు వైరులోనే వేడిగా మారతాయి. మే నెలలో బానెట్ కింద ఆ వేడి ఎవరికి కావాలి? తొడుగు మెత్తబడుతుంది, అతుకుల మీద చుట్టిన టేపు జిగురు కారి ఊడిపోతుంది.

1.6 వోల్టులంటే చిన్న సంగతిలా కనబడుతుంది. కానీ 24 వోల్టుల బండిలో ఆల్టర్నేటర్ ఇచ్చేది సుమారు 28 వోల్టులు, నిండిన బ్యాటరీల జత తనంతట తాను చూపేది 25 పైచిలుకు. బ్యాటరీలోకి కరెంటును నెట్టేది ఆ రెండింటి మధ్య తేడా మాత్రమే, అంటే రెండున్నర, మూడు వోల్టులు. అందులో సగానికి పైగా వైరే మింగేస్తే బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. సగం కడుపుతో ఉన్న లెడ్ బ్యాటరీలో పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, కొత్త బ్యాటరీ కూడా ముందే ముసలిదవుతుంది. నిందేమో బ్యాటరీ కంపెనీ మీద పడుతుంది.

మన జిల్లాలోని చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం కూడా ఇదే చిక్కును దాటుతుంది. అక్కడి 500, 600 మెగావాట్ల యూనిట్లలో తయారైన కరెంటును లక్షల వోల్టులకు పెంచి లైన్లలోకి పంపుతారు. వోల్టేజీ పెరిగితే అదే శక్తికి పారాల్సిన యాంపులు తగ్గుతాయి, తీగలో నష్టమూ తగ్గుతుంది. కారులో 12 వోల్టులుంటే పెద్ద లారీలో 24 పెట్టడానికి ఒక కారణం ఇదే. అంతకుమించి మనం పెంచలేం. కాబట్టి మిగిలింది ఒకటే: తీగను లావు చేసి, దారిని పొట్టి చేయడం. ఆల్టర్నేటర్ నుంచి నేరుగా బ్యాటరీకి 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 4 మీటర్లు వేస్తే, 80 యాంపుల మీద పోయేది 0.16 వోల్టు.

మరి మన బండిలో ఎంత పోతోందో తెలిసేదెలా? కొనకముందు కొలవాలి. మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బండిలో ఒక్కో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గరుంటే నిండినట్టు, 12.2 ఉంటే దాదాపు సగం. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, కొంచెం రేస్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను అన్నీ వేయాలి. కరెంటు పారకపోతే నష్టం కనబడదు కనుక లోడు లేకుండా చూసి లాభం లేదు. మీటరు ఒక ముల్లు ఆల్టర్నేటర్ పెద్ద టెర్మినల్ మీద, రెండోది చార్జింగ్ అందుకునే బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. అక్కడ అర వోల్టు దాటి చూపితే వైరు బాగాలేనట్టు. ఆ తర్వాత ఒక ముల్లు ఆల్టర్నేటర్ బాడీకి, రెండోది బ్యాటరీ మైనస్‌కు. ఇక్కడ 0.2 వోల్టు కంటే ఎక్కువ ఉండకూడదు.

ఈ రెండో కొలత చాలామంది చూడరు, దోషం మాత్రం తరచూ అక్కడే దొరుకుతుంది. వెళ్లిన కరెంటు తిరిగి రావాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, ఛాసిస్‌కు దాన్ని కలిపేది ఒక అల్లిక పట్టీ. అది తుప్పు పట్టి నాలుగు పోగులు మిగిలితే ప్లస్ వైపు ఎంత లావు కేబుల్ వేసినా దండగే. పట్టీ కూర్చునే చోట రంగు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయాలి. కొత్త ప్లస్ కేబుల్ వేస్తే ఎర్త్ కూడా అంతే లావుది వేయించండి.

అసలు పెద్ద ఆల్టర్నేటర్ అవసరమా? నా అభిప్రాయం: ముందు ఎర్త్, వైరు సరిచేయండి, నెల రోజులు నడపండి. రెండు 75 వాట్ల హెడ్‌లైట్లు, వెనక దీపాలు, వైపరు, ఫ్యాను కలిపినా 24 వోల్టుల మీద 20 యాంపుల లోపే. పాతది ఆరోగ్యంగా ఉంటే మోయగలదు. మీరు అదనంగా లైట్లు, ఇతర సామాను పెట్టి ఉంటేనే పెద్దది ఆలోచించాలి. అప్పుడు కూడా ప్లేటు మీది అంకెను నమ్మి కొనకండి. అది వేగంగా తిరిగేటప్పటి అంకె. మిల్లు వరుసలో ఐడిల్ మీద ఉన్నప్పుడు సగం కూడా రాకపోవచ్చు, వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. ఐడిల్‌లో ఎంత ఇస్తుందని అడగండి.

బెల్టు మాటకొస్తే, 28 వోల్టుల మీద 80 యాంపులంటే 2,240 వాట్లు. ఆల్టర్నేటర్‌లో పోయే వేడిని కూడా కలుపుకుంటే ఇంజను ఇవ్వాల్సింది సుమారు 5 హార్స్‌పవర్, బావి మీది మోటారంత. అరిగిన ఒంటి బెల్టు అది లాగలేక జారుతుంది, కీచుమంటుంది.

కొత్త కేబుల్‌కు ఫ్యూజు తప్పనిసరి, అదీ బ్యాటరీ దగ్గరే. కేబుల్ ఎక్కడైనా ఛాసిస్‌కు ఒరుసుకుని తొడుగు చిరిగితే వందల యాంపులు వచ్చేది బ్యాటరీ నుంచే. 80 యాంపుల ఆల్టర్నేటర్‌కు 100 యాంపుల ఫ్యూజు సరిపోతుంది. లగ్గులు సుత్తితో కొట్టి కాకుండా క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించండి, కేబుల్‌ను సైలెన్సరుకు, డీజిల్ పైపుకు దూరంగా క్లిప్పులతో పట్టించండి. డాష్‌బోర్డులోని చార్జింగ్ బల్బు తీసేయకండి. చాలా ఆల్టర్నేటర్లలో దాని గుండానే మొదటి కరెంటు రోటరుకు అందుతుంది.

ఒక పాత అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చార్జింగ్ వస్తోందా అని చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనం నేటికీ ఆల్టర్నేటర్‌ను డైనమో అంటున్నట్టే ఇదీ డైనమోల కాలం నాటిది. 1960లో అమెరికాలో క్రైస్లర్ తన వాలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టినప్పటి నుంచి లోకం మారింది. లోపల ఉన్నవి సిలికాన్ డయోడ్లు. బ్యాటరీ అనే ఆనకట్ట ఒక్కసారి తీసేస్తే వోల్టేజీ ఉప్పెనలా లేచి వాటిని కాల్చేస్తుంది. బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడు మాత్రం ఇంజను ఆపి టెర్మినళ్లు తీయాల్సిందే.

ఇవన్నీ చేసినా ఒక బ్యాటరీ మాత్రమే పదేపదే పోతుంటే పాటల పెట్టె వైరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. 12 వోల్టుల సామాను కోసం జతలో ఒక్క బ్యాటరీ నుంచే తీసి ఉంటారు. అది రోజూ దిగుతుంది, రెండోది నిండే ఉంటుంది. ఆల్టర్నేటర్‌కు కనబడేది మొత్తం 28 వోల్టులే, ఎవరి వాటా ఎంతో దానికి తెలియదు. ఒకటి ఆకలితో, రెండోది అజీర్తితో పోతాయి. ఆ వైరు పీకేసి, 24ను 12 చేసే కన్వర్టర్‌ను రెండు బ్యాటరీల మీద కలిపి పెట్టించండి. బిగించే ముందు రెండింటినీ విడదీసి, దుకాణంలో విడివిడిగా పూర్తిగా చార్జ్ చేయించి, రెండూ 12.6 చూపాకే మళ్లీ జత కలపండి.