వజీరైన ఓడల షావుకారు

పిల్లలూ! గుడివాడలో రైలెక్కి కూర్చుంటే చివరకు బందరులో దిగుతాం. ఈ బందరునే మచిలీపట్నం అంటారు. సుమారు 400 ఏళ్ళ కిందట గోల్కొండ సుల్తానుల రాజ్యానికి ఇదే పెద్ద రేవు. నిజానికి ఇక్కడ ఓడలు ఒడ్డు దాకా వచ్చేవి కావు. దివిసీమను చుట్టి పారే కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రువల్ల తీరం లోతు తక్కువ. అందుచేత ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకును పడవల్లో చేరవేసేవారు. అయినా పర్షియాకూ, అరేబియాకూ, పెగూకూ మన కలంకారీ బట్టలు ఇక్కణ్ణుంచే వెళ్ళేవి.

ఆ వ్యాపారంలో కోట్లు గడించినవాడొకడున్నాడు. పేరు మహమ్మద్ సయ్యద్. పర్షియాలో ఇస్ఫహాను దగ్గర అర్దిస్తాను అతని ఊరు, తండ్రి నూనె వర్తకుడు. పొట్ట చేతబట్టుకుని గోల్కొండ వచ్చాడు. వజ్రాల వ్యాపారం మరిగాడు, గనులు గుత్తకు తీసుకున్నాడు, సొంత ఓడలు నడిపాడు. 1630ల్లో బందరుకు హవల్దారు, అంటే అధికారి, అయ్యాడు. తరువాత సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా అతణ్ణి "మీర్ జుమ్లా" పదవిలో కూర్చోబెట్టాడు. ఆ పదవి పేరే అతనికి స్థిరపడిపోయింది.

మీర్ జుమ్లా కర్ణాటక సీమ మీదికి దండెత్తి గండికోటను పట్టాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అక్కడ అతణ్ణి చూశాడు. డేరాలో కూర్చున్న మీర్ జుమ్లా చేతివేళ్ళ సందుల్లోనూ, కాలివేళ్ళ సందుల్లోనూ ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెబుతున్నాడట! నవ్వొస్తుంది గాని, ఎన్ని పనులు ఒకేసారి చక్కబెట్టేవాడో చూడండి.

నౌకరు తనకన్నా గొప్పవాడైతే ఏ రాజుకు నిద్ర పడుతుంది? సుల్తానుకు అనుమానం పట్టుకుంది. ఇంతలో మీర్ జుమ్లా కొడుకు మహమ్మద్ అమీన్ కొలువులో పెంకెగా ప్రవర్తించాడు. 1655 నవంబరులో సుల్తాను అతణ్ణీ, ఇంటివాళ్ళనూ ఖైదు చేయించాడు. అప్పటికే మీర్ జుమ్లా మొగలాయిలతో మంతనాలు జరుపుతున్నాడు. ఇదే అదను అనుకుని ఔరంగజేబు 1656 జనవరిలో హైదరాబాదు మీదికి సైన్యాన్ని పంపాడు. సుల్తాను గోల్కొండ కోటలో దూరాడు. ఖైదీలు విడుదలయ్యారు, మీర్ జుమ్లా మొగలాయిల పక్షం చేరాడు. ఆ ఏడే షాజహాను అతణ్ణి వజీరుగా చేసుకున్నాడు. ఉప్పు తిన్న రాజును విడిచాడని కొందరు, బిడ్డ కోసం మరేం చేస్తాడని కొందరు అంటారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది.

1657లో షాజహాను జబ్బుపడ్డాడు. కొడుకులు నలుగురూ సింహాసనం కోసం తలపడ్డారు. మీర్ జుమ్లాను ఆగ్రాకు రమ్మని కబురు వచ్చింది. అతని మనసు ఔరంగజేబు వైపు. కాని ఆలుబిడ్డలు ఉత్తరాన చక్రవర్తి గుప్పిట్లో ఉన్నారే! బాహాటంగా చేరితే వాళ్ళ గతేమిటి? అందుకని ఇద్దరూ ఒక నాటకం ఆడారు. 1658లో ఔరంగజేబు అతణ్ణి "ఖైదు" చేసి, సైన్యాన్నీ ఫిరంగులనూ తీసేసుకున్నాడు. 1659 జనవరిలో ఖజ్వా యుద్ధంలో షూజా ఓడినప్పుడు మీర్ జుమ్లా ఔరంగజేబు పక్కనే ఉన్నాడు. 1660లో బెంగాలు సుబేదారయ్యాడు.

ఆఖరి దండయాత్ర అస్సాము మీద. 1662లో అహోం రాజధాని గఢ్‌గావ్ చిక్కింది గాని, వానలు దారులు మూసేశాయి. తిండి లేక, జ్వరాలతో సైన్యం క్షీణించింది. మీర్ జుమ్లా కూడా మంచం పట్టాడు. 1663 మార్చిలో తిరుగుదారిలో, ఢాకా చేరకముందే, నది మీద పడవలో ప్రాణం విడిచాడు.