ఊరు మరువని హత్య

గద్వాల కోట ముంగిటనో, వనపర్తి సంతలోనో, నాగర్‌కర్నూలు దారిలో ఒక చెట్టునీడనో నలుగురు పెద్దలు కూర్చున్నప్పుడు, మాటమీద మాట వచ్చి ఏనాటిదో ఒక హత్య సంగతి బయటపడుట అరుదు కాదు. "చంపినవాడు పట్టుబడినవాడు కాదట" అని ఒకరందురు. "ఆ రాత్రి పుట్టి దాటి ఆవలిగట్టునకు పోయినవారు ఇద్దరని మా నాయన చెప్పెడివాడు" అని మరియొకరందురు. పోలీసులు వచ్చిరి, పోయిరి. కేసు కాగితములు అటకనెక్కినవి. సాక్షులు ఒకరి వెనుక ఒకరు కాలము చేసిరి. ఊరు మాత్రము ఆ వ్యాజ్యమును కొట్టివేయలేదు.

ఇట్టి పాతకేసులను తిరుగదోడి పరిశీలించు ఔత్సాహికులు నేడు లోకమంతట ఉన్నారు. వారిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, వకీళ్ళు, పత్రికా రచయితలు, స్థానిక చరిత్రయందు అభిరుచి గల గృహస్థులు కలరు. ఒకరిని నిర్బంధించుటకు గాని, సాక్షిని పిలిపించుటకు గాని వారికి అధికారము లేదు. వారికున్నవి తీరిక, ఓర్పు, ఎవరి ఒత్తిడియు లేని మనస్సు. ఈ మూటితో వారేమి సాధింపగలరు, ఎచ్చట ఆగవలెను అనునది మనము విచారింపదగిన విషయము.

మొదట తెలుగువారికి దగ్గరి ఉదాహరణమును చూతము. 1944లో మద్రాసు నగరము తెలుగువారికిని, తమిళులకును ఉమ్మడి రాజధాని. అచ్చట లక్ష్మీకాంతన్ అను నతడు సినిమా నటీనటుల సొంత జీవితములను గూర్చి రచ్చకెక్కించు పత్రికను నడుపుచుండెను. అంతకు పూర్వము ఫోర్జరీ నేరమునకు జైలుకు పోయి వచ్చినవాడు. 1944 నవంబరు 8వ తేదీని వేపేరిలోని వకీలు మిత్రుని ఇంటినుండి రిక్షాలో తిరిగి వచ్చుచుండగా అతనిని కత్తితో పొడిచిరి. మరునాడు ఆసుపత్రిలో మరణించెను.

కొలది వారములలో పోలీసులు పట్టుకొనిన వారి పేర్లు విని దక్షిణదేశము నివ్వెరపోయెను. అందొకరు గాయకనటుడు త్యాగరాజ భాగవతార్. ఆయన నటించిన 'హరిదాస్' ఆ దీపావళికే విడుదలయి, మద్రాసులో ఒకే సినిమాహాలులో మూడు దీపావళులు చూచినది. రెండవవారు హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణన్. మూడవవారు దర్శకుడు ఎస్. ఎం. శ్రీరాములునాయుడు. తరువాత 1954లో రామారావు, భానుమతులతో 'అగ్గిరాముడు' తీసినది ఆయనయే. 1945 మే నెలలో జూరీలోని అధికసంఖ్యాకుల అభిప్రాయము ననుసరించి భాగవతార్, కృష్ణన్‌లకు యావజ్జీవ ప్రవాసశిక్ష విధింపబడెను. శ్రీరాములునాయుడు నిర్దోషిగా విడుదలయ్యెను. మద్రాసు హైకోర్టులో అప్పీలు విఫలమయ్యెను. లండనులోని ప్రీవీ కౌన్సిలు కేసును తిరిగి విచారింపుడని పంపగా, 1947 ఏప్రిల్‌లో ఇద్దరును నిర్దోషులని తేలెను. అప్పటికి వారు రెండేండ్లకు పైగా జైలులో గడపియుండిరి. భాగవతార్‌కు పూర్వవైభవము మరల రాలేదు. ఆయన 1959లో మరణించెను.

ఈ కేసులో ముఖ్యమైన చిక్కు అప్రూవరు సాక్ష్యము. నేరములో తానును పాల్గొంటినని ఒప్పుకొని, నిజము చెప్పుటకు ప్రతిగా క్షమాభిక్ష పొందినవాడు అప్రూవరు. అతడు తన మెడను తప్పించుకొనుటకు ఇతరుల మెడకు ఉరి తగిలింపవచ్చును. అందుచే అతని మాటకు ముఖ్యాంశములలో వేరొక ఆధారము తోడు కావలెనని న్యాయస్థానములు కోరును. ఇచ్చట ఆ తోడు చాలలేదు.

అయిన లక్ష్మీకాంతన్‌ను చంపించినదెవరు? నేటికిని తేలలేదు. వకీలును, సినిమా చరిత్రకారుడును అయిన రాండర్ గై వంటివారు ఈ కథను పలుమారులు తిరిగి వ్రాసిరి. అట్టి రచనలు హంతకుని పట్టి ఇయ్యలేదు గాని, పుకారు ఏది, కోర్టులో నిలిచిన సాక్ష్యమేది అను తేడాను పాఠకుని ముందుంచినవి. ఔత్సాహికుడు చేయగల మొదటి మేలు ఇదియే.

అంతకంటె పెద్ద మేలు జరిగిన సందర్భమును స్కాట్లండులో చూడవచ్చును. 1908 డిసెంబరులో గ్లాస్గో నగరమున గిల్‌క్రిస్ట్ అను ఒక వృద్ధురాలు తన ఇంటిలో హత్యకు గురియయ్యెను. వజ్రములు పొదిగిన ఒక పతకము కనబడకుండెను. ఆస్కార్ స్లేటర్ అను విదేశీయుడు అట్టి పతకమును కుదువబెట్టినాడని తెలిసి పోలీసులు అతని వెంటబడిరి. 1909లో మరణశిక్ష పడి, యావజ్జీవముగా మారెను. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయిల్ ఈ కేసును పరిశీలించి 1912లో చిన్న పుస్తకము ప్రకటించెను. అందు మంత్రతంత్రములు లేవు. స్లేటర్ కుదువబెట్టిన పతకము వేరొకటి. దానిని తాకట్టు పెట్టినది హత్యకు కొన్ని వారములకు ముందే! వడ్డీవ్యాపారి చిట్టాలోని తేదీ చూచిన ఎవరికైనను తెలియు సంగతి. అయినను స్లేటర్ 1927 వరకు జైలులోనే ఉండెను. 1928లో ఆ తీర్పు రద్దయ్యెను. ఒక తేదీని తేదీగా చూడనందున ఒక మనుష్యుని జీవితమున పదునెనిమిది యేండ్లు పోయినవి.

రేడియో శ్రోతలకు ప్రత్యేకముగ చెప్పదగినది లివర్‌పూల్ కేసు. 1931 జనవరి 19వ తేదీ సాయంకాలము అచ్చటి చదరంగము క్లబ్బుకు ఒక టెలిఫోను వచ్చెను. బీమా ఏజెంటు వాలెస్ మరునాడు రాత్రి ఏడున్నరకు 25, మెన్‌లవ్ గార్డెన్స్ ఈస్ట్ అను చిరునామాకు రావలెనని కబురు. వాలెస్ పోయి వెదకెను. అదే పేరుతో ఉత్తరపు, దక్షిణపు, పడమటి వీథులు కలవు. తూర్పువీథి మాత్రము లేదు. తిరిగి ఇంటికి వచ్చి చూడగా భార్య హత్యకు గురియై పడియుండెను. ఆ టెలిఫోను వాలెస్ ఇంటికి నాలుగువందల గజముల దూరముననున్న బూతునుండి వచ్చినదని తేలెను. జూరీ అతడే హంతకుడనెను. అప్పీలు కోర్టు, సాక్ష్యము చాలదని మే నెలలో ఆ తీర్పును కొట్టివేసెను.

యాబదియేండ్లు గడచిన పిమ్మట, 1981లో, ఆ నగరపు రేడియో కేంద్రము ఈ కేసును గూర్చి కార్యక్రమము ప్రసారము చేసెను. పాతసంగతులు తెలిసిన వృద్ధులు ముందుకు వచ్చిరి. అప్పటికే మరణించిన వేరొకనిపై అనుమానము బలపడెను. ఇక తేలినదని పలువురు తలచిరి. కాని 2013లో ప్రసిద్ధ అపరాధపరిశోధక నవలా రచయిత్రి పి. డి. జేమ్స్ అవే ఆధారములు చూచి, హంతకుడు వాలెసే యని తన అభిప్రాయమును ప్రకటించెను! అవే ట్రాములు, అవే గడియారములు. తీర్పులు మాత్రము రెండు. యాబదియేండ్ల తరువాతి జ్ఞాపకము వినుటకు ఎంత రక్తి కట్టినను, ఆనాటి కాగితముతో సరిపోల్చనిదే ఆధారము కాజాలదు.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. నదిగడ్డలోనో, పాలమూరు తూర్పు తాలూకాలలోనో నిజాము కాలపు హత్య నొకదానిని పరిశీలింపదలచినవారికి కొన్ని స్థానిక చిక్కులు కలవు. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాముకు లోబడియున్నను తమ పరిపాలనమును తాము నడుపుకొనినవి. కనుక సంఘటన సంస్థాన గ్రామమున జరిగెనా, నేరుగా సర్కారు పాలనలోని ఊరిలో జరిగెనా యని మొదట తేల్చుకొనవలెను. తుంగభద్ర దాటినచో కర్నూలు. అది 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిది. ఒకే రాత్రి పుట్టిలో నది దాటినవాడు ఒక ప్రభుత్వమునుండి మరియొక ప్రభుత్వములోనికి పోయినట్లే. అతనిని గూర్చిన కాగితములు రెండు చోట్ల ఉండవచ్చును. రెండు చోట్లను లేకపోవచ్చును.

రెండవ చిక్కు భాష. నిజాము ప్రభుత్వపు కచేరీ భాష పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ఉర్దూ. అంతకు ముందు పారసీ. చేతివ్రాత ఉర్దూ చదువగల పెద్దలు నేడు తగ్గిపోవుచున్నారు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖన కార్యాలయమునందు అట్టి రికార్డులు విస్తారముగ కలవు. చదివిపెట్టు మనిషి తోడు లేనిదే అవి మూగవి.

మూడవది తేదీ. ఆ కాగితములపై ఫసలీ సంవత్సరముండును. ఫసలీకి 590 కలిపినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చునని లెక్క. కాని మద్రాసు ఫసలీ జూలైలోను, హైదరాబాదు ఫసలీ అక్టోబరులోను ఆరంభమగును. 1930 ఆగస్టు నెల కర్నూలులో 1340 ఫసలీ; నది ఈవల గద్వాలలో ఇంకను 1339. ఈ భేదము నెరుగనివాడు ఒకే రోజు జరిగిన పనులను ఒక యేడు ఎడముగ భావించును. ఇక పెద్దలు "ప్రజోత్పత్తి సంవత్సరములో" అందురు. అది 1931లో వచ్చెను, మరల 1991లోను వచ్చెను. "రజాకార్ల నాటికి ముందా, తరువాతనా?" అని అడిగిన జవాబు తరచు నిక్కచ్చిగ వచ్చును.

నాలుగవది స్థలము. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కృష్ణ ఒడ్డుననున్న ఎన్నియో గ్రామములు ముంపునకు గురియైనవి. నేరము జరిగిన ఇల్లు, బావి, బాట నేడు నీటిక్రింద ఉండవచ్చును. అందుచే పాత పటములు, గ్రామ నక్షాలు అవసరము. నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు 2016 అక్టోబరులో ఏర్పడినవి; అంతకు పూర్వపు కాగితములు మహబూబ్‌నగరు పేరున వెదకవలెను.

పెద్దకోర్టు వరకు పోయిన కేసులకు ముద్రితమైన తీర్పులు దొరకును. 1937 మార్చిలో పూరీ రైల్వే స్టేషనున ఒక పెట్టెలో పిఠాపురము దివాను కొలువులోని నౌకరు శవము బయటపడెను. ఆ పాకాల నారాయణస్వామి కేసులో ప్రీవీ కౌన్సిలు 1939లో ఇచ్చిన తీర్పును న్యాయవిద్యార్థులు నేటికిని చదువుచున్నారు. ఎవరు ఏ రైలున వచ్చిరి, ఉత్తరమెప్పుడు అందెను అను సంగతులు అందు వరుసగ కలవు. తీర్పు చదువుట నేర్చినవాడు సగము పరిశోధన నేర్చినట్లే.

పెద్దలను అడుగువారు ఒక నియమము పాటింపవలెను. ఒక్కొక్కరిని వేరువేరుగా అడుగవలెను. ఇతరులు చెప్పినది ముందుగ చెప్పరాదు. "మీరు చూచితిరా, వింటిరా? వినినచో ఎవరివలన?" అను ప్రశ్న మరువరాదు. పదిమంది చెప్పినను అది ఒకే నోటినుండి పుట్టినదైనచో పది సాక్ష్యములు కావు, ఒకటియే.

చివరకు ఒక పేరు తోచినదనుకొందము. ఏమి చేయవలెను? మన చట్టమున హత్యానేరమునకు కాలదోషము లేదు. ఎన్నేండ్లు గడచినను కొత్త ఆధారమును పోలీసులకు ఇయ్యవచ్చును. వారు మరల దర్యాప్తు చేయుటకు చట్టము అవకాశమిచ్చును. అది సరియైన త్రోవ. ఆ పేరును సంతలో చాటుట సరియైనది కాదు. నిందితుడు చనిపోయినంత మాత్రమున నింద స్వేచ్ఛ కాదు. మరణించినవాని కుటుంబమునకు నొప్పి కలిగించు ఉద్దేశముతో అతనిపై నింద మోపుట పరువునష్టపు నేరమని చట్టము స్పష్టముగ చెప్పుచున్నది.

చట్టము మాట అటుంచి, చిన్న ఊరి సంగతి ఆలోచింపుడు. హతుని మనుమరాలును, అనుమానితుని మనుమడును అదే బడిలో చదువుదురు, అదే కుళాయికడ నీరు పట్టుకొందురు. పొరపాటున పలికిన ఒక పేరు ఆ ఇద్దరి నడుమ మరియొక మూడుతరముల పగను నాటగలదు. అట్లని మౌనమే మేలనుటయు న్యాయము కాదు. స్లేటర్ వంటివాడు ఎవడైనను మన ఊరిలో చేయని నేరమును మోసి చచ్చియుండవచ్చును. అతని బిడ్డలు హంతకుని బిడ్డలను మాట పడుచుండవచ్చును. అట్టివారికి కాగితములనుండి తీసి చూపిన ఒక తేదీ ఏ ఆస్తికిని తీసిపోని వారసత్వము.

కనుక ఔత్సాహిక పరిశోధకుని పని హంతకుని పట్టుట కంటె ముందు, నిర్దోషిని విడిపించుట. ఈసారి రచ్చబండపై ఆ పాతకథ మరల వచ్చినప్పుడు, "చంపినదెవరు?" అను ప్రశ్నకు ముందు, "ఇది మనకెట్లు తెలిసెను?" అని ఒకరైనను అడుగుదురు గాక. ఊరి విచారణ సరియైన త్రోవను పడుటకు ఆ ఒక్క ప్రశ్న చాలును.