పగడానికి పథ్యం

హైదరాబాదుకు సముద్రం లేదు. అయినా మన దేశపు పగడపు దిబ్బలకు జ్వరం రాబోతోందో లేదో ముందుగా చెప్పేది ఈ ఊరే. ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడిని బట్టి 2011 నుంచి అండమాన్ నికోబార్, లక్షద్వీప్, కచ్, మన్నార్ ప్రాంతాల పగడాలకు హెచ్చరికలు జారీ చేస్తోంది. అందులో వాడే లెక్క గమనించదగ్గది. ఏ సముద్రానికైనా ఇన్ని డిగ్రీలు దాటితే ప్రమాదం అనే ఒకే హద్దు గీయరు. ఆ చోట ఏడాదిలో అన్నిటికన్నా వేడిగా ఉండే నెల సగటు ఎంతో చూసి, నీళ్ళు దానికన్నా ఎంత ఎక్కువగా, ఎన్ని వారాలు కాగాయో లెక్కిస్తారు. ఒక డిగ్రీ చొప్పున నాలుగు వారాలు ఎక్కువగా ఉంటే పగడాలు తెల్లబడటం మొదలవుతుంది, ఎనిమిది వారాలకు చావులు మొదలవుతాయి. అబూదాబీ తీరపు పగడాలు వేసవిలో 34, 35 డిగ్రీల నీళ్ళలో బతుకుతాయి. అంత వేడిని లక్షద్వీప్ పగడాలు తట్టుకోలేవు. అంటే పగడం ఆరోగ్యాన్ని అది అలవాటుపడిన నీటితో పోల్చి తూచాలి. విద్యానగర్‌లోనో తార్నాకలోనో ఒక ఫ్లాటులో, ఎవరూ పట్టించుకోక పాచిపట్టిన గాజు ట్యాంకులో కొనప్రాణంతో ఉన్న పగడాన్ని బతికించాలనుకునేవారికి కూడా ఈ లెక్కే దారి చూపుతుంది.

ముందు అది ఏ జీవో తెలియాలి. మంగళసూత్రంలో గుచ్చే ఎర్ర పగడం మధ్యధరా సముద్రపు లోతుల్లో పెరిగే వేరే జాతి అస్థిపంజరం. ట్యాంకుల్లో పెంచేవి వెలుతురు కావలసిన పగడాలు. ఒక్కో పగడం పాలిప్‌లనే చిన్న చిన్న జీవుల కాపురం. ప్రతి పాలిప్ కణజాలంలోనూ కంటికి కనిపించని నాచు కణాలు ఉంటాయి, చదరపు సెంటీమీటరుకు లక్షల సంఖ్యలో. ఎండ నుంచి అవి తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధానమైన తిండి, రంగులో చాలా భాగం కూడా వాటిదే. నీళ్ళు వేడెక్కినా, వెలుతురు మితిమీరినా ఆ నాచు విషపదార్థాలు విడుస్తుంది. పగడం దాన్ని బయటికి నెట్టేస్తుంది. అప్పుడు పారదర్శకమైన చర్మం కిందినుంచి తెల్లటి సున్నపు ఎముక కనిపిస్తుంది. తెల్లబడ్డ పగడం చచ్చిపోయిందని చాలామంది పారేస్తారు. నిజానికి అది ఇంకా ప్రాణంతోనే ఉంటుంది, కాకపోతే ఆకలితో ఉంటుంది.

నెలల తరబడి నీళ్ళు మార్చని ట్యాంకులో ఏం జరుగుతుందో చూడండి. చేపల విసర్జనం వల్ల నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకుంటాయి. పగడాలు, సున్నపు నాచులు కాల్షియాన్ని, కార్బొనేట్‌ను లాగేసుకోవడంతో క్షారత పడిపోతుంది. బల్బులు పాతబడి వెలుతురు తగ్గుతుంది. ఇవన్నీ చెడ్డవే, కానీ నెమ్మదిగా వచ్చినవి కాబట్టి పగడం కొంతవరకు సర్దుకుంది. ఇప్పుడు కొత్త యజమాని వస్తాడు, జాలిపడతాడు. ఒకే రోజు నీళ్ళన్నీ మార్చి, కొత్త ఎల్‌ఈడీ దీపం నిండు వెలుగులో పెట్టి, దుకాణం నుంచి నాలుగు సీసాల మందు తెచ్చి పోస్తాడు. మూడు రోజుల్లో పగడం చర్మం ఊడి పడుతుంది. నిర్లక్ష్యాన్ని తట్టుకున్నది సేవకు చచ్చిపోతుంది. చాలాకాలం పస్తున్నవాడికి ఒక్కసారిగా విందు భోజనం పెట్టకూడదని, గంజితో మొదలుపెట్టాలని మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలుసు. పగడానికీ అదే పథ్యం. సముద్రపు నీటిలో క్షారత, దాన్ని కొలిచే డీకేహెచ్ లెక్కలో, 7 దగ్గర ఉంటుంది. ట్యాంకులో అది 5కి పడిపోయి ఉంటే, రోజుకు 1కి మించకుండా పెంచుకుంటూ పోవాలి. దానికి వంటసోడా చాలు, ఖరీదైన సీసా అక్కర్లేదు. నీళ్ళు వారానికి పదో వంతు మార్చినా ఎక్కువే. దీపం సగానికన్నా తక్కువ వెలుగుతో మొదలుపెట్టి కొన్ని వారాల మీద పెంచాలి. నైట్రేట్‌ను పూర్తిగా సున్నాకు దించడమూ పొరపాటే, నాచుకు అది ఎరువు కదా.

హైదరాబాదులో ఈ నిలకడ సాధించడానికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. మొదటిది నీళ్ళు. జలమండలి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, గ్రానైటు రాతినేలలోని బోరు నీళ్ళు లవణాలతో బరువెక్కి ఉంటాయి. వంటింటి ఆర్‌వో మిషన్ ఉందిగా అంటారు. తాగేవాళ్ళకు రుచిగా ఉండాలని చాలా మిషన్లు వడగట్టిన నీళ్ళలో కొంత మామూలు నీళ్ళను కలుపుతాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 50 చూపిస్తే మనిషికి బాగుంటుంది. పగడానికి మాత్రం అది సున్నా దగ్గర ఉండాలి, అందులో కృత్రిమ సముద్రపు ఉప్పును కొలిచి కలుపుకోవాలి. రెండోది ఎండ. బయట 42 డిగ్రీలున్న మే నెలలో ట్యాంకును 26 దగ్గర ఉంచాలంటే నీళ్ళను చల్లబరిచే చిల్లర్ కావాలి, అది ఖరీదు. అయితే నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే ఏప్రిల్, మే పొడిగాలిలో ఆవిరి రూపంలో వేడి పోయి నీళ్ళు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. విశాఖ ఉక్కపోతలో ఇది అంత పనిచేయదు. ఇక్కడైనా జూలై ముసురులో అంతంత మాత్రమే. కానీ ఫ్యాను తెచ్చే ఇంకో ఇబ్బంది ఉంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది. వంద లీటర్ల ట్యాంకులో మూడు లీటర్లు తగ్గితే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 36 దాటుతుంది. తగ్గినంత మేర రోజూ ఉప్పు కలపని శుద్ధమైన నీళ్ళే పోయాలి. ఉప్పునీళ్ళు పోసేవాళ్ళు పగడాన్ని మెల్లగా ఊరబెడుతున్నట్టే. ఇక కరెంటు పోయినప్పుడు దీపం గురించి దిగులు పడనక్కర్లేదు, ఒక రోజు చీకటి పగడానికి లెక్కలోది కాదు. నీటి కదలిక ఆగితే ప్రాణవాయువు అందదు, కాబట్టి ఇన్వర్టర్ మీద ముందు పంపు నడవాలి.

లంఖణం పరమౌషధం అన్న మాట మాత్రం ఇక్కడ చెల్లదు. 2006లో ఆండ్రియా గ్రోటోలి బృందం హవాయి పగడాల మీద చేసిన పరిశోధనను నేచర్ పత్రిక ప్రచురించింది. తెల్లబడ్డ మాంటిపోరా కాపిటాటా అనే జాతి తినే జంతుప్లవకాలను ఐదింతలు పెంచుకుని, తన రోజువారీ శక్తి అవసరమంతా అలాగే తీర్చుకుందట. పక్కనే ఉన్న ఇతర జాతులు ఆ పని చేయలేకపోయాయి. కాబట్టి నాచు తిరిగి చేరేదాకా, రాత్రి పాలిప్‌లు చేతులు చాచినప్పుడు అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల పిల్లల్ని కొద్దిగా అందించడం దండగ కాదు. మిగిలిపోయిన తిండి కుళ్ళకుండా చూసుకోవాలి, అంతే.

నిలకడ పేరుతో చేతులు కట్టుకు కూర్చోమంటున్నారా అని ఎవరైనా అడగవచ్చు. కాదు, తొందరపడవలసిన జబ్బూ ఒకటుంది. చర్మం గంటల లెక్కన ఊడిపోతుంటే, గోధుమరంగు జిగురు పాకుతుంటే, పథ్యం పనికిరాదు. బాగున్న భాగాన్ని వెంటనే కోసి వేరుచేయాలి. కోత పగడానికి మరణశిక్ష కాదని ఫ్లోరిడాలోని మోట్ ప్రయోగశాలలో డేవిడ్ వాన్ చూపించాడు. ఒక ముక్క ట్యాంకు అడుగుకు అతుక్కుని, పీకేటప్పుడు విరిగిపోయింది. మిగిలిన కొద్దిపాటి పాలిప్‌లు కొన్ని వారాల్లోనే ఆశ్చర్యకరంగా పెరిగాయి. చిన్న ముక్కలు మామూలుకన్నా పాతిక రెట్లకు పైగా వేగంగా పెరుగుతాయని ఆ తర్వాత తేలింది. అయితే జోయాంథస్, పాలిథోవా జాతుల్ని ఇంట్లో కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాళ్ళను శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైన కుటుంబాలు విదేశాల్లో ఉన్నాయి.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ చట్టానిది. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికున్న రక్షణే వాటికీ ఉంది. ఉల్లంఘిస్తే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. జాలితో తెచ్చుకున్నాననే వాదన అక్కడ నిలబడదు, నిలబడకూడదు కూడా. దుకాణంలో చావబోతున్న ముక్కను సగం ధరకు కొనేవాడు దాన్ని రక్షిస్తున్నాననుకుంటాడు. వ్యాపారి దృష్టిలో అది ఖాళీ అయిన చోటు, అమ్ముడుపోయిన సరుకు. మరుసటి వారం అక్కడికి ఇంకో ముక్క వస్తుంది. అందువల్ల రక్షణ అనే మాట, నా ఉద్దేశంలో, ఊరొదిలి వెళ్ళేవాళ్ళు, విసిగిపోయినవాళ్ళు డబ్బు తీసుకోకుండా అప్పగించే ట్యాంకులకే చెల్లుతుంది. అందులోనూ ఆ షెడ్యూల్లో లేని పుట్టగొడుగు పగడాలు, తోలు పగడాలు, జోయాంథస్ లాంటి మెత్తని రకాలకే. రాతి పగడం కనిపిస్తే ముట్టుకోకముందే అటవీ శాఖను అడగాలి.

ఇలా బతికించినందువల్ల సముద్రానికి ఏం ఒరుగుతుంది? నేరుగా ఏమీ ఒరగదు. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబారుడు మొదలైందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు, ఆ వేసవిలోనే లక్షద్వీప్ దిబ్బలు కూడా దెబ్బతిన్నాయి. ఆ నష్టాన్ని ఏ అపార్టుమెంటు ట్యాంకూ పూడ్చలేదు. కోలుకున్న పగడాన్ని విశాఖకు తీసుకెళ్ళి సముద్రంలో వదులుదామని ఎవరికైనా అనిపిస్తే, దయచేసి వద్దు. అది ఎక్కడి సముద్రంలో పుట్టిందో తెలియదు. ట్యాంకులో దానితో పాటు పెరిగిన సూక్ష్మజీవులు, పరాన్నజీవులు అక్కడి జీవులకు కొత్త. అది పెరిగి పెద్దదైతే ముక్కలు చేసి, నీళ్ళను నిలకడగా ఉంచగల ఇంకొకరికి ఇవ్వడమే సరైన పని. అలా ఇచ్చేటప్పుడు తమ ట్యాంకు ఉప్పు, క్షారత, వేడి, వెలుతురు అంకెలు కాగితం మీద రాసి ఇస్తే, పుచ్చుకున్నవాళ్ళు తమ నీళ్ళను మొదటి రోజున ఆ అంకెల దగ్గరే పెట్టుకుంటారు.