యెరూషలేము చెర్రీ

పాశ్చాత్య దేశములలో క్రిస్మస్ దినములలో ఇంటి కిటికీలలో ఉంచే మొక్క ఇది. పేరు వినగానే పరిశుద్ధ దేశము నుండి వచ్చినదని మేమును సంతోషపడితిమి. నిజానికి దీని స్వస్థలము దక్షిణ అమెరికా. చెర్రీ కూడా కాదు. వంగ, టమాటాల కుటుంబములోనిది. 1753లో లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి పెట్టిన లాటిన్ పేరులో ‘దొంగ మిరప’ అను అర్థమున్నది. ఆ పేరే దీనికి తగినది!

ఆకుపచ్చని కాయ పసుపు, నారింజ రంగులు తిరిగి, చివరకు ఎర్రబడి చిన్న గోళీయంత పండగును. నెలల తరబడి కొమ్మనే ఉండును. చూస్తే నోరూరుతుంది. అయితే పండు, ఆకు అన్నియు విషమే. కామంచి పండ్లు కోసుకొని తిను మన పల్లె పిల్లలకు ఇది మరీ ప్రమాదము. తింటే వాంతులు, కడుపునొప్పి కలుగును. అనుమానము వచ్చినా సరే, ఆ కొమ్మనొకటి తీసికొని వెంటనే డాక్టరు యొద్దకు వెళ్లండి. ఇంటి వైద్యముతో కాలయాపన వద్దు.

ఇది చల్లదనమును కోరే మొక్క. మన మైదానములలో శీతకాలమే దీనికి అనుకూలము. ఉదయపు ఎండ తగిలే వరండా చాలును. పైమట్టి ఆరగానే నీరు పోయండి. పూర్తిగా ఎండితే ఆకులు రాలిపోవును. తెల్లని పూలు పూసినప్పుడు కుండీని ఆరుబయట పెట్టండి, లేదా కొమ్మలను మెల్లగా ఆడించండి. మొదటి ఏడు మేము గదిలోనే దాచి, పూలు చూచితిమి గాని కాయ చూడలేదు. పండ్లు రాలిన పిమ్మట కొమ్మలను సగానికి కత్తిరించి, కొత్త మట్టి వేయవలెను.

మా ఇంట పసివాడు నడక నేర్చిన నాటి నుండి ఆ కుండీ పిల్లలు లేని పొరుగువారి మేడ మీదనే ఉన్నది.