ఏడాది చివర ఊరి లెక్క



డిసెంబరు నెల వచ్చిందంటే పత్రికల్లో మున్సిపాలిటీల వార్తలు ఎక్కువవుతాయి. ఫలానా వార్డులో సిమెంటు రోడ్డు పూర్తయింది, ఫలానా కాలనీలో మోరీ పని మొదలైంది, ఇన్ని లక్షలు మంజూరయ్యాయి అని చిన్న చిన్న అక్షరాల్లో వేస్తారు. మనలో చాలామందిమి ఆ పేజీ తిప్పేసి వంటల పేజీకో, సీరియలు పేజీకో వెళ్ళిపోతాం. అవన్నీ కాంట్రాక్టర్ల సంగతులు, మనకెందుకులే అనుకుంటాం. కాని ఒక్కసారి ఆలోచించి చూడండి. నల్లా రాకపోతే బిందెలు పట్టుకుని ఎదురుచూసేది ఎవరు? మోరీ పొంగితే గడప కడుక్కునేది ఎవరు? చెత్త బండి రెండు రోజులు రాకపోతే వంటింట్లో ఆ వాసన భరించేది ఎవరు? అన్నిటికీ జవాబు ఒక్కటే కదా! అందుచేత ఊరి పద్దు చదవడం కూడా ఇంటి పద్దు రాయడం లాంటి పనే. అది ఎలా చదవాలో ఈ రోజు కాస్త చెప్పుకుందాం. ఉదాహరణకు మన హైదరాబాదు పక్కనే ఉన్న తెల్లాపూర్‌ను తీసుకుందాం.

తెల్లాపూర్ అనగానే ఇప్పటివాళ్ళకు ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు గుర్తుకొస్తాయి. నిన్న మొన్నటి దాకా అది పొలాలూ చెరువులూ ఉన్న పల్లెటూరు. సికిందరాబాదు నుంచి వాడి వెళ్ళే రైలు మార్గం మీద ఒక చిన్న స్టేషను. ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఒక పక్క రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారం 1960లలోనే వచ్చింది. ఇంకో పక్క 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం వచ్చింది. అయినా ఊరు ఊరులాగే ఉంది. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత, కంప్యూటరు ఉద్యోగాలు గచ్చిబౌలి మీదుగా పడమటికి జరుగుతూ వచ్చాయి. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పడింది. అది కొల్లూరు పక్కనుంచే పోతుంది. ఇక అక్కణ్ణుంచి పొలం గట్లు ప్లాట్ల హద్దురాళ్ళుగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు.

2018 ఆగస్టులో గ్రామపంచాయతీ పోయి పురపాలక సంఘం వచ్చింది. తెల్లాపూర్‌తో పాటు కొల్లూరు, ఉస్మాన్ నగర్, ఈదులనాగులపల్లి, వెలిమెల కలిసి ఒకే మున్సిపాలిటీ అయ్యాయి. 2020 జనవరి 22న మొదటి ఎన్నికలు జరిగాయి. 17 వార్డులు. మొదటి ఛైర్‌పర్సన్ మల్లేపల్లి లలిత, మన ఆడవారే. 2024లో ముత్తంగి, పోచారం, కర్ధనూరు, పాటి ఘనపూర్ వంటి పటాన్‌చెరు మండల గ్రామాలనూ ఇందులో కలిపారు. 2025 జనవరిలో పాలకవర్గం గడువు ముగిసి, ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. ఆ ఏడాది ముగియకుండానే, 2025 డిసెంబరు మొదటి వారంలో, ఔటర్ రింగు రోడ్డు లోపలా దాన్ని ఆనుకునీ ఉన్న 27 పురపాలక సంస్థలను మహానగరంలో కలిపేశారు. అందులో తెల్లాపూర్ కూడా ఉంది. అంటే మున్సిపాలిటీగా ఆ ఊరి ఆయుష్షు ఏడేళ్ళ నాలుగు నెలలు. అప్పుడు పుట్టిన పిల్ల రెండో తరగతికి వచ్చేసరికి, ఆ ఊరి బోర్డు రెండుసార్లు మారిందన్నమాట!

సరే, బోర్డులు మారతాయి. నీళ్ళ సంగతేమిటి?

మంచినీళ్ళ లెక్క మనందరికీ తెలియవలసిన లెక్క. భూగర్భ మురుగు కాలువలున్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు కావాలని మన దేశంలో ఇంజనీర్లు లెక్క కడతారు. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. ఇందులో మనం తాగేదీ వంటకు వాడేదీ ఎంత? రెండు మూడు బిందెలు. మిగిలినదంతా స్నానాలకు, బట్టలకు, గిన్నెలకు, మరుగుదొడ్డికి పోతుంది. పోయిన నీళ్ళు మాయమవవు కదా! నూటికి 80 వంతులు మళ్ళీ మోరీలోకే వస్తాయి. అంటే ఒక్కొక్క ఇంటి నుంచి రోజుకు 430 లీటర్ల పైచిలుకు మురుగు.

ఇప్పుడు కొల్లూరు సంగతి చూడండి. అక్కడ ప్రభుత్వం ఒకే చోట 15,660 రెండు పడకగదుల ఇళ్ళు కట్టించింది. 2023 జూన్‌లో వాటిని ప్రారంభించారు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా 62 వేల మందికి పైగా జనం. పాత రోజుల్లో అది ఒక తాలూకా పట్టణం. వాళ్ళకు రోజుకు 84 లక్షల లీటర్ల పైన నీళ్ళు కావాలి. 67 లక్షల లీటర్ల పైన మురుగు బయటికి పోవాలి. ఇళ్ళు కట్టడం కంటికి కనిపించే పని. నీళ్ళు తేవడం, మురుగు శుద్ధి చేయడం కంటికి కనిపించని పని. రెండోది సరిగా లేకపోతే మొదటిది ఎంత అందంగా ఉన్నా కాపురం చేయడం కష్టం. అందుకే అక్కడ ఇళ్ళతో పాటు మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని కూడా కట్టవలసి వచ్చింది. ఏడాది చివర వార్తల్లో "కొత్త నల్లా కనెక్షన్లు ఇన్ని" అని కనిపించినప్పుడు సంతోషించండి. వెంటనే, "మరి మురుగు పోయే దారి వేశారా?" అని పక్క వరస కూడా చూడండి. నల్లా వేసి మోరీ మరిచిన ఊళ్ళో దోమలదే రాజ్యం.

ఇంకొక ముఖ్యమైన సంగతి. రోజు విడిచి రోజు, లేదా కొన్ని గంటలే నల్లా వచ్చే చోట, నీళ్ళు ఆగిపోయిన తర్వాత పైపులో ఒత్తిడి తగ్గిపోతుంది. అప్పుడు పైపు అతుకుల దగ్గర చిన్న పగులు ఉన్నా, చుట్టూ ఉన్న బురదనీరు లోపలికి వస్తుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు మొదట వచ్చేది ఆ కలిసిన నీరే. అందుచేత మొదటి ఒకటి రెండు బకెట్లు మొక్కలకో, వాకిలి కడగడానికో వాడుకుని తర్వాత తాగడానికి పట్టుకోండి. నల్లా చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. కొంచెం మందు వాసన వస్తే మొహం చిట్లించకండి, అది మన మేలుకే. రంగు మారినా, మురుగు వాసన వచ్చినా మాత్రం ఆ రోజు ఆ నీళ్ళు తాగవద్దు. వెంటనే కార్యాలయానికి తెలియజేయండి. సంపు ఉన్న ఇళ్ళవారు దాని మూత మోరీ మట్టానికి పైన ఉన్నదో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక రోడ్ల సంగతి. "కొత్త రోడ్డు వేశారు, నెల తిరక్కుండానే తవ్వారు" అని మనం విసుక్కుంటూ ఉంటాం. ఆ విసుగులో న్యాయం ఉంది. భూమి కింద పనులకు ఒక వరస ఉన్నది. అన్నిటికంటే లోతున మురుగు పైపు. దానికి దూరంగా, పైన మంచినీళ్ళ పైపు. పక్కన వాననీటి కాలువ, తర్వాత కరెంటు, టెలిఫోను తీగలు. ఇవన్నీ అయ్యాక రోడ్డు. మనం చీర కట్టేటప్పుడు ముందు లంగా కట్టుకుంటామా, తర్వాతనా? ఇదీ అంతే. వరస తప్పితే తవ్వకం తప్పదు. కనుక మీ వీధికి రోడ్డు మంజూరైందని తెలిసినప్పుడు, "కింది పైపులు అయిపోయాయా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న ఊరికి బోలెడు డబ్బు మిగులుస్తుంది.

ఇంకోటి కూడా ఉంది. పాత రోడ్డు మీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు ఎత్తు పెరుగుతుంది, మన గడప కిందికి పోతుంది. వాన పడితే నీళ్ళు మనింట్లోకే వస్తాయి. పాత పొర గీకి కొత్తది వేయమని పని మొదలవకముందే చెప్పాలి. తర్వాత చెప్పి లాభం లేదు. అలాగే వాననీటి కాలువనూ మురుగు కాలువనూ కలపనివ్వకూడదు. వానలు పడితే పొంగేది ఇవి రెండూ కలిసిన చోటే. మన వంతుగా, మేడమీది వాననీటి గొట్టాన్ని మురుగు మ్యాన్‌హోలులోకి వదలకుండా ఇంకుడు గుంతలోకి వదులుదాం. చెరువులున్న ఊళ్ళో భూమిలోకి ఇంకిన ప్రతి బొట్టూ వేసవిలో మన బోరులోకే వస్తుంది.

చెత్త విషయం మనకు కొత్తగా చెప్పక్కరలేదు. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, ప్రమాదకరమైనది వేరు అని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం తడి చెత్త. కాగితం, ప్లాస్టిక్, సీసాలు పొడి చెత్త. పాడైన బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు, పగిలిన బల్బులు మూడో రకం. పసిపిల్లల డయాపర్లు, మన శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఎందుకంటే మనం కలిపి పడేసినదాన్ని అవతల ఒక మనిషి చేత్తో విడదీయవలసి వస్తుంది. ఆ మనిషి చాలాసార్లు మనలాంటి ఇల్లాలే. వడపప్పులో రాళ్ళు ఏరినంత శ్రద్ధ, ఆ బుట్ట దగ్గర రెండు నిమిషాలు చూపిస్తే చాలు.

మరి ఇన్ని పనులకూ డబ్బు ఎక్కడిది? కొంత ప్రభుత్వం ఇచ్చే నిధులు, కొంత భవన అనుమతుల రుసుములు, కొంత మన ఇంటి పన్ను. ఇంటి పన్ను ఏడాదికి రెండు వాయిదాల్లో కట్టవచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో, ఏప్రిల్ నెలలోనే ఏడాది మొత్తం కట్టినవారికి నూటికి 5 రూపాయలు తగ్గిస్తున్నారు. ఆలస్యం చేస్తే నెలకు నూటికి 2 రూపాయల చొప్పున అపరాధ రుసుము పడుతుంది. చిట్టీ వేసేటప్పుడు ఇంత లెక్క చూసుకునే మనం, ఇక్కడెందుకు చూసుకోకూడదు? రసీదు మాత్రం జాగ్రత్తగా దాచండి. తెల్లాపూర్ లాంటి ఊళ్ళో పంచాయతీ నాటి రసీదు, మున్సిపాలిటీ రసీదు, ఆ తర్వాతి రసీదు మూడూ ఒకే కవరులో ఉండాలి. ఇంటి నంబరు గాని, పేరు గాని మారితే రేపు మనకు సాక్ష్యం ఆ కాగితాలే.

2019 నాటి తెలంగాణ పురపాలక చట్టంలో మనకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. బడ్జెటులో పదో వంతు పచ్చదనానికి ఖర్చు చేయాలన్నది ఒకటి. వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 15 మంది, అందులో సగం మంది మహిళలు ఉండాలన్నది రెండోది. అంటే వార్డుకు 30 మంది ఆడవాళ్ళు. 17 వార్డులున్నప్పటి తెల్లాపూర్‌కు లెక్క వేస్తే 510 మంది! ఒక ఊళ్ళో ఐదువందల మంది ఇల్లాళ్ళు నీళ్ళ గురించీ దీపాల గురించీ మాట్లాడే చోటు చట్టమే ఇచ్చిందన్నమాట. 2020లో పట్టణ ప్రగతి మొదలైనప్పుడు, వెయ్యి మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని, వాటిలో సగం ఆడవారికి కేటాయించాలని అనుకున్నారు. బజారుకు వెళ్ళిన ఆడమనిషి ఇంటికి తిరిగి వచ్చేదాకా నీళ్ళు తాగకుండా ఉండే అవస్థ మనకు తెలుసు. మగవాళ్ళ మీటింగుల్లో ఆ మాట ఎవరెత్తుతారు? మనం ఉంటేనే ఆ మాట వస్తుంది.

మహానగరంలో కలవడం వల్ల లాభమా నష్టమా అని చాలామంది అడుగుతున్నారు. పెద్ద సంస్థకు పెద్ద యంత్రాలు, ఎక్కువమంది ఇంజనీర్లు, ఎక్కువ డబ్బు ఉంటాయి. నాలుగైదు ఊళ్ళ గుండా పోయే పెద్ద కాలువను చిన్న మున్సిపాలిటీ ఒక్కతే కట్టలేదు. ఇది లాభం. నష్టం కూడా ఉంది. విలీనమైన నెలలోనే మహానగరంలో వార్డులను 150 నుంచి 300కు పెంచారు. అయినా చిన్న ఊళ్ళో 17 వార్డులున్నప్పుడు, కౌన్సిలరు ఇల్లు మన వీధిలోనే ఉండేది. కూరగాయలు కొంటూ కూడా అడగగలిగేవాళ్ళం. పెద్ద కుటుంబంలోకి వెళ్ళిన కోడలికి ఇల్లు పెద్దదే గాని, తన మాట వినిపించాలంటే గొంతు కాస్త పెంచక తప్పదు. ఒక్కరు అడిగితే గొణుగుడు, పదిమంది అడిగితే అర్జీ.

అందుచేత ఈ సంక్రాంతి లోపల మూడు పనులు చేద్దాం. మొదటిది, మీ వీధిలో వెలగని దీపాలు, మూత లేని మ్యాన్‌హోళ్ళు, కారే పైపులు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాయండి. రెండోది, పక్కింటివారితో, ఎదురింటివారితో సంతకాలు పెట్టించి, ఆ కాగితాన్ని కార్యాలయంలో ఇచ్చి తేదీతో రసీదు తీసుకోండి. అపార్ట్‌మెంటు వారు తమ గేటు దగ్గరే ఆగిపోకుండా, గేటు బయట బస్తీలో ఉన్న పనిమనిషి వీధిని కూడా ఆ కాగితంలో చేర్చండి. ఆమె వీధిలో నీళ్ళు రాకపోతే మన ఇంట్లో గిన్నెలు ఆలస్యమవుతాయని కాదు, ఆమె కూడా ఈ ఊరి ఇల్లాలే గనుక. మూడోది, వచ్చే ఏడాది చివర ఆ కాగితం తీసి, ఎన్ని పూర్తయ్యాయో టిక్కు పెట్టి చూసుకోండి.

ప్రభుత్వాలు వేసే లెక్క ఒకటి, మనం వేసే లెక్క ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూసేవారు ఉన్న ఊళ్ళో, బోర్డు మీద పేరు ఏదైనా, నల్లా వస్తుంది, దీపం వెలుగుతుంది.