రబీకి ముందు ఊరి నీటి లెక్క

హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో తవ్వితే కొద్ది లోతులోనే మొరం, దాని కింద గ్రానైటు తగులుతాయి. పక్కనున్న తార్నాక ఇళ్ళ కింద ఉన్నదీ ఆ రాయే. మహేశ్వరం, నల్లగొండ, మహబూబ్‌నగర్ పొలాల్లో చాలావాటి కిందా అలాంటి రాయే. వాతావరణం మారిపోతున్న ఈ రోజుల్లో ఒక మెట్ట ఊరు తన సేద్యాన్ని ఎలా సర్దుకోవాలి అని ఎవరైనా అడిగితే, ముందు ఈ రాతి గుణం చెప్పాలి.

ఆ గుణాన్ని శ్రద్ధగా చదివినవాళ్ళు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నారు. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్ళే దారిలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి, మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించింది. అక్కడ తేలిన సంగతి ప్రతి బోరు రైతుకూ తెలియాలి. పైన శిథిలమై మెత్తబడ్డ రాయి, దాని కింద పగుళ్ళు బారిన పొర ఉంటాయి. నీళ్ళు నిలిచేదీ కదిలేదీ ప్రధానంగా వీటిలోనే. సుమారు 30, 40 మీటర్లు దాటాక పగుళ్ళు తగ్గిపోయి రాయి బిగుసుకుంటుంది. పై పొరలు ఎండిపోయాక 800 అడుగులకు బోరు దింపినా చాలాసార్లు దుమ్మే లేస్తుంది, అప్పే మిగులుతుంది. ఆ అప్పుల కింద ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో మన పల్లెలకు తెలుసు.

పై పొరల్లోనూ చోటు తక్కువే. ఇలాంటి రాతిలో నీటిని వదిలే ఖాళీ నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళు ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్ళో పదో వంతు ఇంకిందనుకుంటే 75 మిల్లీమీటర్లు. ఖాళీ ఒకటిన్నర శాతం అనుకుంటే బావిలో మట్టం ఏకంగా 5 మీటర్లు లేస్తుంది. దసరా నాటికి బావులు కళకళలాడతాయి, రైతుకు ధైర్యం వస్తుంది, వరి నారు పోస్తాడు. కానీ ముంత చిన్నది కాబట్టి నిండుగా కనిపిస్తోంది, అంతే. రబీ వరి మడికి పెట్టే నీళ్ళు 1200 మిల్లీమీటర్ల దాకా అవుతాయి. అందులో సగం తిరిగి ఇంకిందనుకున్నా 600 పోయినట్టే. అంటే ఒక్క ఎకరం వరి ఎనిమిది ఎకరాల మీద ఇంకిన వానను తాగేస్తుంది. జొన్న, శనగ లాంటి ఆరుతడి పంటలకు వరికి పెట్టే నీళ్ళలో మూడో వంతు, అటూ ఇటూగా, సరిపోతుంది.

వాతావరణ మార్పు ఈ ఇరుకును మరింత బిగిస్తోంది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 లోపు మూడు రెట్లయ్యాయని వాతావరణ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపించింది. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. అలాంటి వానలో ఎక్కువ భాగం వాగుల పాలవుతుంది. ఏడాది మొత్తం అంకె బాగానే ఉన్నా, భూమిలోకి దిగేది తగ్గవచ్చు. అందుకే జిల్లా సగటు వర్షపాతాన్ని నమ్ముకుని ఊరు పంట నిర్ణయం చేసుకోలేదు. తన వానను, తన బావి మట్టాన్ని తానే కొలుచుకోవాలి.

ఇది మన దగ్గర జరిగిన పనే. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రైతుల చేతనే భూగర్భజలాలను లెక్కింపజేశారు. వాగుల పరీవాహకాల వారీగా 600కు పైగా ఊళ్ళు చేరాయి. పొలంబడి పద్ధతిలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ శిక్షణ తీసుకున్నారు. రెండు వేలకు పైగా పరిశీలన బావుల్లో పదిహేను రోజులకోసారి మట్టం కొలిచేవారు, వర్షమాపకం చూసేవారు, అంకెలు ఊళ్ళో బోర్డు మీద రాసేవారు. వానాకాలం ముగిశాక అందరూ కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్ళున్నాయి, రబీలో ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయదలిచారు అని రెండు వైపులా లెక్క కట్టేవారు. లోటు అందరికీ కనబడేది. ఏం చేయాలన్నది ఎవరికి వారే తేల్చుకునేవారు. బలవంతం లేదు, జరిమానా లేదు. అయినా చాలాచోట్ల రబీ వరి తగ్గి, తోడే నీళ్ళు తగ్గాయి. నా దృష్టిలో ఇది ఏ ఆనకట్టకూ తీసిపోని పని.

మరో ప్రయత్నానికి తార్నాకతో నేరుగా సంబంధం ఉంది. ఇక్కడి ఒకటో వీధిలో ఆఫీసు పెట్టుకుని పనిచేసిన సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే స్వచ్ఛంద సంస్థ, అనంతపురం జిల్లా మాదిరేపల్లి లాంటి ఊళ్ళలో రైతులతో ఒక ఒప్పందానికి వచ్చింది. కొత్త బోర్లు వేయకూడదు, ఉన్న బోర్ల నీటిని పక్క పొలం వాళ్ళతో పంచుకోవాలి. బోరు ఉన్నవాడు లేనివాడికి ఎందుకివ్వాలి? పక్కవాడు తన బోరు పక్కనే ఇంకో బోరు వేస్తే తనదీ ఎండిపోతుంది కాబట్టి. రాతి పగుళ్ళకు పొలం గట్లు తెలియవు.

భూగర్భజలాల లెక్కింపు ప్రాజెక్టుకు నిధులు ఆగాక చాలా ఊళ్ళలో కొలతలు ఆగాయి. కరెంటు ఉచితమైనప్పుడు తోడే నీటికి ఖర్చు కనబడదు, అదీ ఒక కారణం. ఇంకా బాధ కలిగించే విషయం ఉంది. కేంద్రం 2019 డిసెంబరులో 6,000 కోట్ల రూపాయలతో మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజన గ్రామ నీటి బడ్జెట్లను తన పునాదిగా పెట్టుకుంది. అందులో చోటు దక్కిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

దానికోసం ఎదురుచూడక్కర్లేదు. ప్రతి పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక రాయాలి, దానికి గ్రామసభల కసరత్తు అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. వానలు తగ్గి, బావుల మట్టం తేలి, రబీ విత్తనం ఇంకా కొనని సమయం సరిగ్గా అదే. సిమెంటు రోడ్లు, మురుగు కాల్వల పద్దులతో పాటు ఆ రోజు సభలో రెండు అంకెలు చదవాలి: భూమిలో ఉన్న నీరు ఎంత, వేయాలనుకున్న పంటలకు కావాల్సింది ఎంత. వాగు ఒక్క ఊరితో ఆగదు కాబట్టి ఎగువ, దిగువ పంచాయతీలు కలిసి కూర్చోవాలి. కొలవడానికి కావాల్సింది ఒక వర్షమాపకం, చివర బరువు కట్టిన కొలత టేపు, పదిహేను రోజులకోసారి బావి దగ్గరికి నడిచే మనిషి. ఆ మనిషికి పంచాయతీ పద్దు నుంచి నెలనెలా జీతం ఇవ్వాలి.