ఎత్తు చెప్పే నక్షా

ఖమ్మం జిల్లాలోని మధిరను ఆనుకుని ఉన్న ఎర్రుపాలెం మండలంలో ములుగుమాడు అనే ఊరు ఉంది. భూములుండేవి, పట్టాలుండేవి, నక్షా మాత్రం ఉండేది కాదు. తెలంగాణలో ఇలాంటి ఊళ్లు 413 ఉన్నాయని రెవెన్యూ శాఖ లెక్క తేల్చింది. 2025లో వాటిలో ఐదింటిని ప్రయోగాత్మకంగా తీసుకుని రీసర్వే చేయించారు. ఖమ్మం జిల్లా నుంచి ఎంపికైంది ములుగుమాడే. అక్కడ 845 ఎకరాలు కొలిచారు. మధిర నుంచి పడమరకు పోతే జగ్గయ్యపేట వస్తుంది. ఆ మండలంలోని తక్కెళ్లపాడులోనే 2020 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్రోన్లతో భూముల రీసర్వే మొదలుపెట్టింది. కొలతల కొత్త కాలం రెండు రాష్ట్రాల్లోనూ మొదట్లోనే మధిర చుట్టుపక్కల అడుగుపెట్టిందన్నమాట.

పాత కాలం సంగతి ఈ సరిహద్దు రైతుకు చెప్పనక్కర్లేదు. ఇటు గుంటలు, అటు సెంట్లు. నిజాం సర్వేవారి గొలుసు 33 అడుగులు, అందులో 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. బ్రిటిషు ఏలుబడిలోని జిల్లాల్లో 66 అడుగుల గొలుసు, వంద లింకులు. గుంటకు రెండున్నర సెంట్లు. ఏ గొలుసైనా చెప్పేది నిడివి ఒక్కటే. ఆ పొలం పక్క పొలం కంటే ఎంత పల్లంలో ఉందో టీపన్ అనే కొలతల కాగితంలో రాసి ఉండదు. శిస్తు కట్టించుకోవడానికి ఆ మాత్రం చాలు. కానీ ఏరు పొంగినప్పుడు కావలసింది ఎత్తు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం కాలనీల మీద పడ్డప్పుడు ఒక వీధి మునిగి, పక్క వీధి తేలింది. ఆ తేడా అడుగుల్లో ఉంటుంది, కొన్నిచోట్ల అంగుళాల్లో. మధిరను ఒరుసుకుంటూ పారే వైరా కూడా చివరికి చేరేది ఆ మున్నేరులోకే.

ఆకాశం నుంచి తీసిన ఫొటోలతోనూ ఎత్తు రాబట్టవచ్చు. డ్రోన్ వరుసలుగా ఎగురుతూ ఒక్కో ఫొటోను ముందరి దాని మీద నూటికి ఎనభై పాళ్లు కప్పేలా తీస్తుంది. ఒకే వేపచెట్టు ఐదారు ఫొటోల్లో, ఐదారు కోణాల్లో పడుతుంది. మన రెండు కళ్లు దూరాన్ని పసిగట్టేది కూడా ఇలాగే. కంప్యూటరు ఆ కోణాల తేడాను బట్టి ప్రతి చుక్కకూ ఎత్తు కట్టి, వాలుగా పడ్డ బొమ్మలను నిలువుగా దిద్ది, కొలవడానికి పనికొచ్చే ఒకే పెద్ద చిత్రంగా కుట్టేస్తుంది. నేల మీద అక్కడక్కడా సున్నంతో వేసే తెల్లటి గుర్తులు ఇందుకోసమే. వాటి స్థానాన్ని రోవర్ అనే జీపీఎస్ పరికరంతో ముందే కొలిచి ఉంచుతారు. ఆ గుర్తులు లేకపోతే చిత్రం ఎంత అందంగా ఉన్నా, మొత్తంగా ఓ గజం పక్కకు జరిగి ఉండవచ్చు.

మధిర వైపు మైదానంలో ఈ పద్ధతి చక్కగా నడుస్తుంది. కొత్తగూడెం దాటి భద్రాచలం దారి పట్టాక మాత్రం చిక్కొస్తుంది. అక్కడ ఫొటోలో కనిపించేది టేకు ఆకులు, ఇప్పచెట్ల తలలు. కింద నేల ఎక్కడుందో కెమెరాకు తెలియదు.

ఈ అడవి సర్వేయర్లను ఏడిపించడం కొత్తేమీ కాదు. 1819లో బ్రిటిషు సర్వేయరు విలియం లాంబ్టన్ తన సహాయకుడైన ఇరవై తొమ్మిదేళ్ల జార్జ్ ఎవరెస్ట్‌ను కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతాన్ని త్రిభుజాలుగా కొలవమని పంపాడు. కొండ మీద నుంచి కొండకు చూపు ఆనితేనే ఆ లెక్క సాగేది. వానాకాలం అడవిలో జ్వరాలు బృందాన్ని కూల్చేశాయి. ఎవరెస్ట్ కూడా మంచం పట్టాడు. 1820లో ఒళ్లు బాగుచేసుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు ఓడ ఎక్కాల్సి వచ్చింది. 1865లో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పెట్టింది ఆయన పేరే. ఆయన జ్వరంతో వణికింది మాత్రం మన గోదావరి అడవుల్లో!

ఇప్పుడు అడవి కింది నేలను కొలిచే పని లైడార్ చేస్తుంది. విమానం నుంచో, డ్రోన్ నుంచో కంటికి కనబడని పరారుణ లేజరు మెరుపులను సెకనుకు లక్షల చొప్పున కిందికి వదులుతారు. మెరుపు వెళ్లి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయమే కొలత. కిలోమీటరు ఎత్తు నుంచయితే రానూపోనూ సెకనులో పది లక్షల వంతులు ఏడు కూడా పట్టదు. గడియారం సెకనులో వంద కోట్ల వంతు తప్పితే ఎత్తు 15 సెంటీమీటర్లు తప్పుతుంది. విమానం ఏ క్షణంలో ఎక్కడుందో, ఎటు ఒరిగిందో కూడా అంత కచ్చితంగానూ తెలియాలి. డిగ్రీలో వందో వంతు ఒరుగును పట్టుకోలేకపోతే నేల మీద చుక్క జానెడు దూరంలో పడుతుంది.

అడవిలో ఉపయోగపడే కిటుకు వేరే ఉంది. కిందికి చేరేసరికి ఒక్కో మెరుపు కొన్ని అంగుళాల వెడల్పున పరుచుకుంటుంది. కొంత భాగం చిటారు కొమ్మకు తగిలి వెనక్కి వస్తుంది, ఇంకొంత నడిమి కొమ్మకు, మిగిలింది ఆకుల సందుల్లోంచి దూరి నేలకు. చివరగా తిరిగొచ్చిన వాటిని ఏరి, అందులోనూ పొదలకు తగిలినవాటిని తీసేస్తే చెట్లు లేని నేల బయటపడుతుంది. కంబోడియాలోని అంగ్‌కోర్ చుట్టూ అడవి కింద దాగిన పాత వీధులు, కాలువలు 2012లో తేలింది ఇలాగే.

మన అడవిలో టేకు ఆకు రాల్చాక ఎగిరితే ఫలితం బాగుంటుంది. వెదురు గుంపుల కింద అప్పుడు కూడా అనుమానమే. విచిత్రమేమిటంటే అరవై అడుగుల చెట్టు కంటే నడుమెత్తు మిరప తోట లేజరును ఎక్కువ తికమక పెడుతుంది. మొక్క తలకూ మట్టికీ మధ్య దూరం మరీ తక్కువ కావడంతో రెండు ప్రతిధ్వనులూ కలిసిపోతాయి. మొక్క తలనే నేల అనుకునే ప్రమాదం ఉంది. నీళ్లు నిలిచిన వరి మడి అయితే వెలుగును మింగేస్తుంది, పటంలో అక్కడ ఖాళీ మిగులుతుంది. మధిర ప్రాంతంలో ఈ సర్వేకు మిరప, పత్తి తీసేశాక వచ్చే ఎండలే అదను.

ఇంకో మెలిక కూడా ఉంది. జీపీఎస్ చెప్పే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు, భూమిని ఒక నునుపైన ఆకారంగా ఊహించి దాని మీద నుంచి కొలిచింది. మన ప్రాంతంలో సముద్ర మట్టం ఆ ఊహా ఆకారానికి సుమారు డెబ్బై మీటర్ల కింద ఉంటుంది. దిద్దుబాటు చేయకుండా భద్రాచలం గోదావరి ఒడ్డున రోవర్ పెడితే ఎత్తు మైనస్‌లో చూపిస్తుంది!

నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, ఆ ఒడ్డున ఎత్తు నవ్వులాట కాదు. దిగువన ఉన్న పోలవరం ప్రాజెక్టు పూర్తి నిల్వ మట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే 43 అడుగుల గీత కూడా సముద్ర మట్టం లెక్కలో ఆ 150 అడుగులే. 1986లో అక్కడ గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచింది. వెనుక జలాల ముంపును ఉమ్మడిగా కొలవాలని తెలంగాణ పట్టుబట్టడం వెనక ఉన్నది ఈ అంకెలే. ముంపు మండలాలైన కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు వంటివి 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రకు వెళ్లాయి. తొలి దశలో 41.15 మీటర్ల వరకు నీరు నిలిపితే అక్కడ ఏవి మునుగుతాయో తేల్చడానికి లైడార్ సర్వే చేయించారు. అంతకుముందు తొలి దశలో లేని ఆవాసాలు కొన్ని ఆ సర్వే తర్వాత జాబితాలోకి వచ్చాయి. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, కొలత మారింది. పరిహారం ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది ఆ కొలతతోనే మారింది.

అలాగని యంత్రం చెప్పిందల్లా వేదం కాదు. లేజరుకు గట్టు కనిపిస్తుంది, ఆ గట్టు ఎవరిదో కనిపించదు. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న వాటా ఏ చుక్కల గుంపులోనూ ఉండదు. మీ ఊళ్లో రీసర్వే అని దండోరా వేస్తే హద్దురాళ్ల చుట్టూ చెత్త తీసి, పైనుంచి కనబడేలా సున్నం కొట్టండి. కొలిచే రోజు పొరుగు రైతును కూడా పిలుచుకుని పొలంలో ఉండండి. ముసాయిదా పటం గ్రామసభలో పెట్టినప్పుడు విస్తీర్ణం ఒక్కటే చూసి వచ్చేయకుండా గట్ల వంపులు సరిచూసుకోండి. తేడా ఉంటే గడువులోగా అభ్యంతరం కాగితం మీద రాసిచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.